పర్లాకిమిడిలో కారు ఆగిపోతుంటే ఈ షెడ్డుకి తీసుకెళ్లండి

పాతపట్నం వెళ్లే రోడ్డులో చిన్న షెడ్డు, బోర్డు ఒడియాలో ఉంటాది గానీ మెకానిక్ తెలుగు బాగా మాట్లాడతాడు. మా పాత పెట్రోల్ కారు ఇంజన్ వేడెక్కితే చాలు స్లో చేయగానే ఆగిపోయేది, చల్లారాక మామూలుగానే స్టార్టయ్యేది, చెక్ ఇంజన్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఇంకో చోట చూడకుండానే పెట్రోల్ పంపు మార్చాలన్నారు. ఈయన ముందు స్టీరింగ్ కింద స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ చూశాడు, పీ0335, అంటే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో ప్రాబ్లం. అయినా వెంటనే సెన్సార్ కొనేయమనలేదు, అదే నాకు బాగా నచ్చింది, వైరింగూ కనెక్టరూ మీటర్ పెట్టి చూసి, ఇంజన్ వేడి మీద సెన్సార్ మళ్లీ టెస్ట్ చేసి అప్పుడే మార్చాడు, పాతది మన చేతికే ఇచ్చేశాడు. కోడ్ చెరిపేసి లైటు ఆర్పి పంపించే రకం కాదు. వెళ్తే బండి వేడిగా ఉండగానే తీసుకెళ్లండి, చల్లారితే ఇలాంటి ఫాల్ట్ దొరకడం కష్టం.