మాస్టొడాన్ ప్రైవేట్ మెసేజ్‌లు: మూడేళ్లు వాడాక

మాది కావలి. 2022లో ట్విట్టర్ చేతులు మారాక, కాలేజీ రోజుల నుంచీ స్నేహితులమైన మేం ముగ్గురం నవంబర్‌లో ఒకేసారి మాస్టొడాన్‌లో చేరాం. ట్విట్టర్ లాంటిదే, కాకపోతే ఒకే కంపెనీది కాదు: ఎవరి సర్వర్ వాళ్లు నడుపుతారు, అవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ప్రకటనల గోల లేదు, పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. ఆ విషయంలో నాకు ఏ కొరతా లేదు. చెప్పాల్సింది ప్రైవేట్ మెసేజ్‌ల గురించి.

మాలో ఒకడికి అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నిరుడు వానలప్పుడు వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు తగిలి పంట మొత్తం పోయింది. ఇంట్లో కూడా చెప్పకుండా నాకు ఒక్కడికే చెప్పుకున్నాడు. చూస్తూ ఊరుకోలేక ఒంగోలులో ఉండే మూడోవాడికి ప్రైవేట్ మెసేజ్ పెట్టాను. "చెరువు పోయింది. మేత కొట్లో బాకీ పెరిగింది. ఇంట్లో తెలియదు. నువ్వేమన్నా సర్దగలవా?" ఎవరి సంగతో తెలియాలని అలవాటు కొద్దీ చెరువులవాడి ఖాతా పేరు ఎట్ గుర్తుతో సహా రాసేశాను.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అబ్బయ్యా, ఇంట్లో తెలియదని నువ్వే రాశావు కదా. మరి వాడికెందుకు చెప్పావు?"

గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేది.

తప్పు నాదే. మాస్టొడాన్‌లో ప్రైవేట్ మెసేజ్‌కి వేరే పెట్టె అంటూ లేదు. అదీ పోస్టే, కాకపోతే అందులో ఎవరి ఖాతాలు ప్రస్తావించామో వాళ్లకే చేరుతుంది. అందుకే దాని పేరు ఇప్పుడు 'ప్రైవేట్ మెన్షన్'. ఒకరి గురించి రాస్తూ వాళ్ల ఖాతా పేరు పెడితే, వాళ్లకూ పంపినట్టే. వెంటనే డిలీట్ చేశాను. కానీ డిలీట్ అంటే అవతలి సర్వర్‌కు "తీసేయండి" అని కబురు వెళ్లడమే, తీసేయడం దాని చేతిలో ఉంది. పైగా వాడు అప్పటికే చదివేశాడు.

ఆ రాత్రి కూర్చుని ఇదంతా ఎలా పనిచేస్తుందో చదివాను. ఈ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ ప్రమాణాన్ని, వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ఆమోదించింది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం, అందులో లేదు. కావలి నుంచి ఒంగోలుకు ఏదైనా కాగితం అర్జెంటుగా పంపాలంటే బస్సు డ్రైవర్ చేతికిచ్చి, అక్కడ స్టాండులో తీసుకోమంటాం. ఆయన విప్పి చూడడు, ఆ నమ్మకంతోనే ఇస్తాం. కానీ కవరు అంటించలేదు. ఇక్కడ అలాంటి చేతులు రెండు: నా సర్వర్‌ను నడిపే అడ్మిన్, అవతలివాడి సర్వర్ అడ్మిన్. డేటాబేస్ తెరిస్తే ఇద్దరికీ కనిపిస్తుంది. నా అడ్మిన్ మంచివాడు, విరాళాలతో, ఓపిగ్గా నడుపుతున్నాడు. అవతలి సర్వర్ ఎవరిదో నాకు తెలియను కూడా తెలియదు. సున్నితమైన విషయాలు ఇక్కడ రాయొద్దని మెసేజ్ రాసే చోటే హెచ్చరిక కనిపిస్తుంది. అన్నాళ్లూ దాన్ని దాటుకుంటూనే టైప్ చేశాను.

ట్విట్టర్ లాంటిదే ఇంకొకటి, బ్లూస్కైలో 2024 మేలో మెసేజ్‌లు వచ్చాయి. వచ్చినప్పుడు వాటికీ ఎండ్-టు-ఎండ్ లేదు. పోస్టుల్లా వేర్వేరు చోట్ల కాకుండా ఆ మెసేజ్‌లు కంపెనీ దగ్గరే ఉంటాయి. మెసేజ్‌ల కోసమే ఉన్న మ్యాట్రిక్స్ నయం. దాని మీద నడిచే ఎలిమెంట్ యాప్‌లో కొత్తగా మొదలుపెట్టే ప్రైవేట్ సంభాషణలకు 2020 నుంచీ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఉంటుంది. ఎవరితో ఎప్పుడు మాట్లాడామో మాత్రం సర్వర్‌కు తెలుస్తుంది. పాత మెసేజ్‌ల తాళం తీసే రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. నేను రాసుకోకుండా ఫోన్ మార్చాను, పాత మెసేజ్‌లు ఇక తెరుచుకోలేదు.

మాస్టొడాన్ వదల్లేదు, వదలను. ప్రైవేట్ మెసేజ్‌లో మాత్రం "ఖాళీ అయితే ఫోన్ చెయ్" దాటి ఏమీ రాయను. డబ్బు, జబ్బు, ఇంటి సంగతులు ఫోన్‌లోనో సిగ్నల్ యాప్‌లోనో.

మొన్న సంక్రాంతి ముందు పట్టుబడి బాగా వచ్చిందని వాడు నాకు ఫోన్ చేసి చెప్పాడు. మాస్టొడాన్‌లో చెరువు గట్టు మీద కొంగల ఫోటో పెట్టాడు, అందరికీ కనిపించేలా.