ఉరుము రేకు: పన్నెండేళ్లు వాడాక

రంగస్థలం మీదా, రేడియో నాటికల్లోనూ ఉరుము కోసం నేను వాడేది ఒక జి.ఐ. రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 26 గేజి (గేజి అంటే రేకు మందం లెక్క, అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది). బరువు 7 కిలోల దాకా ఉంటుంది. ఇనుప సామాన్ల కొట్లో 8 అడుగులకి 4 అడుగుల షీటు కొని కోయించాను. పన్నెండేళ్లుగా అదే.

అంతకుముందు డబ్బు కలిసొస్తుందని 2 అడుగుల ముక్కతో పనిచేశాను. అది ఉరమదు, రేకులాగే మోగుతుంది. చిన్న రేకులో కంపనాలు విడివిడిగా పలుకుతాయి, చెవి వెంటనే పట్టేస్తుంది. పెద్ద రేకులో లెక్కలేనన్ని కంపనాలు కలగాపులగమై ఏ శ్రుతీ పైకి తేలదు. మనకి కావలసింది అదే.

పై అంచుకి కర్ర బిగించి వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన తెర చాటున వేలాడదీస్తాను, కింది అంచుకి పట్టుకోడానికి ఇంకో చెక్క. నెమ్మదిగా ఊపితే ఎక్కడో కొండల అవతల ఉరిమినట్టుంటుంది. మణికట్టుతో ఒక్క కుదుపు ఇస్తే పిడుగు నెత్తిన పడ్డట్టే. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కదా, అందుకని గాలివాన దగ్గరికొస్తున్న సీన్‌లో మెరుపు లైటుకీ నా ఉరుముకీ మధ్య ఎడం క్రమంగా తగ్గించుకుంటూ వస్తాం. లైటింగ్ చేసే ఆయనతో దీన్ని రిహార్సల్స్‌లోనే తేల్చుకోవాలి.

లాప్‌టాప్‌లో బోలెడు ఉరుములున్నాయి. వాన హోరు, గాలి నేనూ అందులోంచే వేస్తాను. కానీ నటుడు ఒక రాత్రి డైలాగు తర్వాత ఒక ఊపిరి ఎక్కువ ఆగుతాడు, మర్నాడు ఆగడు. రేకు పట్టుకుని ఆయన భుజాలవైపు చూస్తూ నిలబడితే చెయ్యే సర్దుకుంటుంది. ఈ ఒక్క సుఖం కోసమే నేను దీన్ని వదల్లేదు.

మైకు ముందు సంగతి వేరు. అడుగు దూరంలో పెడితే వట్టి లోహపు గలగల. రేకు మధ్య భాగానికి ఎదురుగా 5, 6 అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేసి, ఎడిటింగ్‌లో వేగం సగానికి తగ్గిస్తాను. నిడివి రెట్టింపవుతుంది, శబ్దం సరిగ్గా ఒక స్థాయి కిందికి, మంద్రానికి దిగుతుంది. రేడియోలో మెరుపు కనబడదు కాబట్టి, పిడుగైతే ముందు ఎండు వెదురు చీల్చిన చప్పుడు అతికిస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. దీన్ని చుట్టకూడదు. ఒకసారి మడత పడితే ఆ చోట ఎప్పటికీ టక్కుటక్కుమంటుంది. రెండు చెక్కల మధ్య పెట్టి ఆటో మీద కట్టాల్సిందే. నాటక పరిషత్తు పోటీల్లో నాటికకీ నాటికకీ మధ్య దొరికే కొద్ది నిమిషాల్లో దీన్ని వేలాడదీయడం పెద్ద టెన్షన్. అంచులు కత్తుల్లాంటివి, మొదటి ఏడాదే అరచెయ్యి తెగింది. వెంటనే అంచులు మడిచి కొట్టించాను, మీరు కొన్న రోజే ఆ పని చేయించండి. ఒకసారి తల్లి ప్రాణం పోయే సీన్‌లో ఎవరి భుజమో తగిలి రేకు ఉరిమింది. ఆ నటి ఏడుపు మధ్యలో ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి నా వంతు వచ్చేదాకా దాని మీద దుప్పటి కప్పి, కింది చెక్కని తాడుతో కట్టేసి ఉంచుతాను.

24 గేజి కూడా వాడి చూశాను. గొంతు ఇంకా గంభీరంగా ఉంటుంది గానీ, బరువుకి నా చేతుల్లో అదుపు తప్పింది. ఒక్కరే చేసేవాళ్లకి 26 చాలు.