కానుగాకు బుడిపెలు చూడ్డానికి కొన్న పది రెట్ల భూతద్దం

కంసాలులు కంటికి ఆనించుకుని నగ చూసే మడత భూతద్దం ఉంటుంది కదా, అదే ఇది. పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. లోహపు తొడుగు, మూడు అద్దాలు కలిపి అతికించిన రకం. ఆన్‌లైన్‌లో రూ. 480 పడింది. పెరట్లో నాలుగు చెట్లున్న ప్రతి ఇంట్లోనూ ఇదొకటి ఉండాలని గట్టిగా చెబుతాను, మా కోనసీమలో అయితే మరీను. ఆకు మీద బుడిపె కనిపించడం ఆలస్యం, అదేమిటో చూడకుండానే స్ప్రేయరు భుజానికెత్తే అలవాటు మా దగ్గర బాగా ముదిరిపోయింది.

దీనికి తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది మసగ్గా ఉందని రాశారు. అందుకని ముందు పట్టుకునే పద్ధతి చెబుతాను. పేపరు చదివే భూతద్దంలాగా చేయి చాచి పట్టుకుంటే దీంట్లో ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించాలి. కళ్లజోడుంటే కళ్లజోడుకే ఆనించండి. తర్వాత ఆకును మెల్లగా దగ్గరికి తీసుకురావాలి. రెండున్నర సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి ఒక్కసారిగా ఈనెలన్నీ తేటపడతాయి. వెలుతురు ఆకు మీద పడాలి, పొద్దుటి ఎండలో అరుగు మీద కూర్చుంటే చక్కగా సరిపోతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎత్తి చూడకూడదు. పిల్లల చేతికిచ్చే ముందు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

మా పెరటి వెనక కాలువ గట్టు మీద పెద్ద కానుగ ఉంది. చిగురు ముదిరేసరికి ఆకుల నిండా పచ్చటి బుడిపెలు లేస్తాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని చిటికెన వేలి కొసలా పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కింటావిడ అది చూసి, "వదినగారూ, ఆ కానుగ కొట్టించెయ్యండి. అది నల్లి. మా కొబ్బరికి ఎక్కిందంటే కాయలన్నీ గిడసబారిపోతాయి" అన్నారు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ నల్లి మంచంలో ఉండేది కాదు, ఇంగ్లీషులో మైట్ అంటారు. కొబ్బరి నల్లి మన దేశంలో మొదట 1998లో కేరళలో కనిపించింది, తర్వాత మన తోటల్లోకీ వచ్చింది. ముచ్చిక కింద చేరి లేత కాయ రసం పీలుస్తుంది. ముచ్చిక అంచు నుంచి మూడు మూలల పాలిపోయిన మచ్చ కిందికి దిగుతుంది. అది గోధుమ రంగుకి తిరిగి, పైతొక్క పగిలి, కాయ ఎదగకుండా ఉండిపోతుంది. అలాంటి కాయలు అంబాజీపేట మార్కెట్‌కి తోలినవాళ్లకి నల్లి అన్న మాటే టెన్షన్.

కానుగ బుడిపెలో ఉండేదీ నల్లే, ఆ మాట నిజం. రెండూ అసీరియా అనే ఒకే ప్రజాతికి చెందినవి కూడా. కానుగ మీదది అసీరియా పొంగామియే, కొబ్బరి మీదది అసీరియా గెర్రెరోనిస్. కానీ కానుగ నల్లి కానుగ మీదే బతుకుతుంది. గాలికి కొట్టుకుపోయి కొబ్బరి మీద పడినా అక్కడ దానికి తిండి లేదు. ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, బుడిపెను బ్లేడుతో నిలువుగా కోసి, అద్దం చేతికిచ్చాను. లోపలంతా బోలుగా ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే ఆ బోలు గోడల మీద తెల్లటి నలుసులు పాకుతుంటాయి. మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే ప్రాణులవి. ఆకు అవతలి వైపు బుడిపె మొదట్లో సన్నటి నోరు కూడా ఉంటుంది, రాకపోకలు అందులోంచే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బుడిపె కట్టడం. దాన్ని కట్టింది నల్లి కాదు, ఆకే. నల్లి లేత ఆకును గుచ్చి రసం పీలిస్తే, అక్కడి కణాలు తమ మామూలు పని మానేసి దాని చుట్టూ పెరగడం మొదలుపెడతాయి. ఇల్లూ తిండీ రెండూ చెట్టే అమర్చి పెడుతుంది. అయినా ఆ కానుగ ఏటా పూస్తూనే ఉంది, కాస్తూనే ఉంది. బుడిపెలున్న ఆకుని పచ్చిరొట్ట ఎరువుగా చేలో తొక్కించినా వరికి ఏమీ కాదు. పక్కింటావిడ అద్దాన్ని చాలాసేపు ఇవ్వలేదు. కానుగ గట్టు మీదే ఉంది.

మామిడి సంగతి వేరు. మా కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి అంటు మొక్కకి ఆకుల మీద మిరియం గింజ కన్నా చిన్నవి, గట్టి బుడిపెలు వచ్చాయి. ఆకు తీసుకెళ్లి పురుగుమందుల కొట్లో చూపిస్తే, తిప్పి కూడా చూడకుండా రెండు సీసాలు బల్ల మీద పెట్టారు. కొనకుండా వచ్చి అద్దం కింద పెట్టాను. చాలా బుడిపెలకి సూది మొనంత కన్నం ఉంది. అంటే లోపలిది ఎప్పుడో ఎగిరిపోయింది, ఖాళీ ఇంటికి మందు కొట్టి లాభం లేదు. కన్నం లేనిది కోస్తే పసుపు రంగు చిన్న పురుగు ఒకటి ఒదిగి పడుకుని ఉంది. ఇది నల్లి కాదు, దోమ కన్నా చిన్న ఈగ పిల్ల. తల్లి ఈగ రాగి రంగు చిగురులోనే గుడ్లు పెడుతుంది. ఆకు ముదిరి బుడిపె గట్టిపడ్డాక పైన కొట్టిన మందు లోపలి పురుగుని చేరడం కష్టం. చిన్న మొక్క కాబట్టి, బాగా పట్టిన ఆకులు తుంచి కాల్చేశాను.

కొన్ని ఆకుల్ని మాత్రం కాల్చకుండా వెడల్పు మూతి గాజుసీసాలో వేసి నూలుగుడ్డ కట్టి పెట్టాను. ఈ అద్దం కొన్నవాళ్లందరూ ఇది చేసి చూడాలి. బుడిపెల్లోంచి బయటికొచ్చినవన్నీ మామిడి ఈగలు కావు. మెరిసే ఆకుపచ్చ ఒళ్లున్న, చీమ తలంత కందిరీగలు కూడా వచ్చాయి. అవి ఈగ పిల్లల్ని తిని పెరిగినవి. కొట్లో ఇవ్వబోయిన ఆ మందు కొట్టి ఉంటే ముందు చచ్చేవి పైన తిరిగే ఈ కందిరీగలే. మన పని చేసిపెట్టే పురుగుని ఇంత దగ్గరగా చూశాక స్ప్రేయరు ఎత్తాలంటే చెయ్యి రాదు.

మూలికల కొట్లో దొరికే మాచికాయ కూడా ఇలాంటి బుడిపే. అది మన డెల్టాలో పెరగని ఓక్ చెట్టుది. టర్కీ, ఇరాన్ వైపు పెరిగే ఒక ఓక్ కొమ్మ మీద కందిరీగ గుడ్డు పెడితే చెట్టు కట్టిన గోళీ అది. పళ్లపొడుల్లో వేస్తారు, నోట్లో పెట్టుకుంటే నాలుక వగరుతో బిగుసుకుపోతుంది. ఆ వగరంతా టానిన్. యూరప్‌లో శతాబ్దాల పాటు ఆ బుడిపెల పొడికి అన్నభేది అనే ఇనుప లవణం కలిపి రాతసిరా కాచారు. కొట్లో మాచికాయలు ఏరుకునేటప్పుడు ఈ అద్దం బాగా పనికొచ్చింది: కన్నం పడి, పాలిపోయి, తేలిగ్గా ఉన్నవి కందిరీగ వెళ్లిపోయినవి, వాటిలో టానిన్ తక్కువ. కన్నం లేకుండా ముదురు రంగులో బరువుగా ఉన్నవే మేలు. పగలగొట్టి చూస్తే మధ్యలో పురుగు ఉండే గది కూడా కనిపిస్తుంది.

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనందరికీ తెలుసు. పండు కోసి అద్దంతో చూడండి, ఆ పురుగులు కూడా చిన్న కందిరీగలే, పండు లోపలి పువ్వులు ఉబ్బి వాటికి గదులవుతాయి. వరిలో ఉల్లికోడుకి మాత్రం ఈ అద్దం అక్కర్లేదు. మొవ్వు ఉల్లికాడలా గొట్టమై కంటికే కనిపిస్తుంది, ఆ పిలక ఇక కంకి వెయ్యదు. కానుగ మీద పెట్టుకున్న నెమ్మది అక్కడ పనికిరాదు, అది పంట నష్టం.

ఇక లోపాలు. నల్లి ఉందని తెలుస్తుంది గానీ దాని కాళ్లు కనబడవు. మామూలు నల్లికి ఎనిమిదైతే దీనికి నాలుగే కాళ్లు, అవి చూడాలంటే మైక్రోస్కోపు కావలసిందే. ఇరవై రెట్లదీ చూశాను. వెలుతురు తగ్గిపోతుంది, చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ జారిపోతుంది. లైటు పెట్టి ముప్పై రెట్లు, అరవై రెట్లు అని అమ్మే వెడల్పు అద్దాల జోలికి పోవద్దు. నిజమైన ముప్పై రెట్ల అద్దం చాలా చిన్నగా ఉంటుంది, ఆకును ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. రూపాయి బిళ్లంత అద్దంతో అది జరిగే పని కాదు.

వానాకాలం మా వైపు అద్దాలకి బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లం వేసిన స్టీలు డబ్బాలో ఉంచుతున్నాను. చీర చెంగుతో తుడవకండి, ఇసుక రేణువు ఉంటే గీత పడిపోతుంది. మడత దగ్గర స్క్రూ త్వరగానే వదులవుతుంది, కళ్లజోళ్ల షాపులో క్షణంలో బిగించి ఇస్తారు. అద్దంతో పాటు తాడు మాత్రం రాదు, ఎర్ర దారం ఒకటి కట్టుకోండి. గడ్డిలో పడితే వెతకడం కష్టం.