గాజులాంటి ఐసు కోసం కొన్న వాక్యూమ్ చాంబర్: ఏడు నెలలు వాడాక

నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కాంతి పాఠం వచ్చిన ప్రతిసారీ ఐసుతో కుంభాకార కటకం చేసి, ఎండలో దాంతో కాగితం కాల్చి చూపించాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఫ్రీజర్‌లో మామూలుగా కట్టే గడ్డతో అది కుదరదు. అంచుల్లో బాగానే ఉంటుంది కానీ నడుమంతా పాలు పోసినట్టు తెల్లగా వస్తుంది. ఆ తెలుపులో ఎక్కువ భాగం గాలి. నీళ్లలో కరిగి ఉన్న గాలికి ఐసులో దాదాపు చోటు ఉండదు. గడ్డ కడుతున్న కొద్దీ అది మిగిలిన నీళ్లలోకి నెట్టుకుంటూ పోయి, చివరికి ఎటూ పోలేక బుడగలై నడుమ చిక్కుకుంటుంది.

అయితే ముందే గాలి తీసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను. దానికి తోడు ఈ వాక్యూమ్ చాంబర్, పంపు జత కొన్నాను. ఏడు నెలలు వాడాక రాస్తున్నాను కాబట్టి మొదటి వారం ఉత్సాహం ఇందులో లేదు.

వచ్చింది ఇదీ. 3 లీటర్లు పట్టే స్టీలు పాత్ర, దాని మీద 2 సెంటీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్ మూత, మధ్యలో సిలికాన్ రింగు, రెండు వాల్వులు, ముల్లు గేజు, ఒక ట్యూబు, నూనెతో నడిచే చిన్న పంపు. రెసిన్, సిలికాన్ అచ్చులు పోసేవాళ్లు ఆ ద్రవాల్లో బుడగలు తీయడానికి వాడే సరుకు ఇది. తయారీ గట్టిగా ఉంది. మూత వంగలేదు, రింగు ఇప్పటికీ చక్కగా పట్టు ఇస్తోంది. పంపు ఆపి వాల్వు మూసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ముల్లు ఉన్నచోటే ఉంది. పాత్ర విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మొదటిసారి లీటరు నీళ్లు పోసి పంపు వేసినప్పుడు పిల్లలతో పాటు నేనూ మూత మీదికి వంగి చూస్తూ నిలబడిపోయాను. ముందు గోడల వెంట గసగసాలంత బుడగలు పుట్టాయి. ఒక ద్రవంలో ఎంత వాయువు కరుగుతుందన్నది దాని మీద ఉన్న ఆ వాయువు పీడనాన్ని బట్టి ఉంటుందని రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లో చెప్పిన నియమం అది. పైన గాలి తగ్గుతుంటే లోపలి గాలి బయటికి వస్తోంది. ఇంకాసేపటికి నీళ్లే మరగడం మొదలైంది. 25 డిగ్రీల నీళ్లు, కింద పొయ్యి లేదు, అయినా తెర్లుతున్నాయి. ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 24 మిల్లీమీటర్ల పాదరసం, అంతకు దిగగానే మరుగుతాయి. ఆ ఆవిరి బుడగలే మిగిలిన గాలిని కూడా ఊడ్చుకుపోతాయి. పాత్రను చెక్క సుత్తితో మెల్లగా తడితే గోడలకు అంటుకున్న బుడగలు వదిలిపోతాయి, ఇది బాగా పనికొచ్చే చిట్కా.

పావుగంట అయ్యాక మూత తీసి వేలు ముంచమంటే ఒక అమ్మాయి, "సార్, మరిగిన నీళ్లు చల్లగా ఉన్నాయి!" అంది. థర్మామీటరు 19 చూపించింది. లెక్క వేశాం. 6 డిగ్రీలు దిగాలంటే లీటరులో ఆవిరి కావాల్సింది సుమారు 10 గ్రాములే. బాష్పీభవన గుప్తోష్ణం, అంటే ఆవిరయ్యే నీళ్లు మిగిలిన నీళ్ల నుంచి లాక్కుపోయే వేడి, గురించి నేను ఎన్నేళ్లు చెప్పినా ఇంత బాగా ఎవరికీ ఎక్కలేదు.

ఇక ఇబ్బందుల సంగతి. దీనితో వచ్చిన కాగితంలో నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. కానీ నీళ్ల ఆవిరి పంపులోకి వెళ్తుంది, లోపల ఒత్తిడికి మళ్లీ నీళ్లవుతుంది, నూనెలో కలుస్తుంది. నాలుగోసారికి పంపు కిటికీలో నూనె మజ్జిగలా తెల్లబడింది. ఆ రోజు నుంచి పంపు ఎంత లాగినా నీళ్లు మరిగే దాకా దిగలేదు. పంపు పాడైందనుకుని రెండు రోజులు బాధపడ్డాను. నూనె మార్చగానే మళ్లీ మామూలైంది. పంపు మీద గ్యాస్ బ్యాలాస్ట్ అనే చిన్న మర ఉంటుంది. దాన్ని తెరిచి నడిపితే కొద్దిపాటి బయటి గాలి లోపలికి వచ్చి, ఆవిరి నీరుగా మారకముందే బయటికి తోసేస్తుంది. నీళ్లకు వాడేవాళ్లు దాన్ని తెరిచే నడపాలి. పని అయ్యాక ట్యూబు తీసి పావుగంట ఉత్తిగా తిప్పితే నూనెలో చేరిన తడి కూడా పోతుంది. ఈ రెండు వాక్యాలు ఆ కాగితంలో ఉండాల్సింది. అమ్మినవాళ్లకు రాశాను, జవాబు రాలేదు.

గేజు కూడా ఈ పనికి చాలదు. గీతకీ గీతకీ మధ్య 20 మిల్లీమీటర్ల పాదరసం పీడనం తేడా. మనకు కావాల్సిన తేడా అంతా చివరి గీత లోపలే ఉంటుంది. అందుకే ముల్లును పట్టించుకోవడం మానేశాను. నీళ్లు పెద్ద బుడగలతో మరుగుతున్నాయా లేదా అన్నదే నా గేజు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అలా గాలి తీసిన నీళ్లను మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే నడుమ తెల్లటి గుండె అలాగే ఉంది. చిన్నదైంది, నిజమే. కానీ ఉంది. పైగా గడ్డ అడ్డంగా చీలింది.

చాలా రోజులు ఆలోచించాను. మొదటి తప్పు డిస్టిల్డ్ వాటర్ గురించిన నా నమ్మకం. స్వేదనం లవణాలను తీస్తుంది. గాలి మాత్రం చల్లారేటప్పుడు, సీసాలోకి పోసేటప్పుడు మళ్లీ వచ్చి కలుస్తుంది. నిల్వ ఉన్న డిస్టిల్డ్ వాటర్ కాస్త ఆమ్ల గుణం చూపించేది కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్లే. రెండో తప్పు నా చేతిలోనిది. పాత్రలోంచి డబ్బాలోకి గడగడా ఒంపేశాను. అంత కష్టపడి తీసిన గాలిని అర నిమిషంలో తిరిగి ఇచ్చేశాను. అదీగాక నీళ్లు చల్లబడే కొద్దీ గాలిని ఎక్కువ ఇముడ్చుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరులో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే సున్నా దగ్గర 14.6 మిల్లీగ్రాములు. అంటే ఫ్రీజర్‌లోకి వెళ్లిన నీళ్లు గాలి కోసం మునుపటి కంటే ఆత్రంగా ఉంటాయన్నమాట.

మూడోది అన్నిటికంటే పెద్దది. మామూలు డబ్బాలో చలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. చుట్టూ పెంకు కట్టి, చివరి నీళ్లు నడుమ బందీ అవుతాయి. మిగిలిన గాలి ఎంత తక్కువైనా అక్కడికే చేరుతుంది. నీళ్లు గడ్డ కడితే 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి ఆ నడిమి గడ్డ పెంకును పగలగొడుతుంది. నాకు వచ్చిన చీలిక అదే.

మూత లేని థర్మాకోల్ డబ్బా ఒకటి తీసుకుని, అందులో పట్టే ప్లాస్టిక్ గిన్నె పెట్టి, నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఉంచాను. పక్కలు, అడుగు మూసుకుపోయాయి కాబట్టి చలి పైనుంచే వస్తుంది. ఐసు పైనుంచి కిందికి దిగుతుంది, గాలిని ముందుకు తోసుకుంటూ పోతుంది. 24 గంటలకు తీస్తే 8 సెంటీమీటర్ల గడ్డ, అడుగున ఇంకా నీళ్లు. గడ్డకు అటువైపు పుస్తకం పెడితే అక్షరాలు చదవగలిగాను. అవి వాక్యూమ్ పట్టని, సీసాలోంచి నేరుగా పోసిన నీళ్లు.

ఆ ఉదయం నాకు సంతోషమూ కలిగింది, చాంబర్ వైపు చూడటానికి మనసొప్పక బాధా కలిగింది.

ఆ తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చాను. థర్మాకోల్ డబ్బాలో పూర్తిగా గడ్డ కట్టేదాకా వదిలేస్తే, ఉత్త నీళ్లకు అడుగున మూడు వేళ్ల మందం తెల్లగా వచ్చింది. వాక్యూమ్ పెట్టిన నీళ్లకు ఒక వేలు. పది నిమిషాలు మరగబెట్టి, స్టీలు డబ్బాలో అంచుదాకా పోసి మూతపెట్టి చల్లార్చిన నీళ్లకు వేలున్నర. అంటే పొయ్యి మీద గిన్నె చేసే పనికీ ఈ పంపు చేసే పనికీ ఐసులో కనిపించే తేడా అర వేలు. గడ్డ సగం పైగా కట్టగానే తీసి అడుగు నీళ్లు పారబోసేవాళ్లకు ఆ తేడా కూడా ఉండదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్ సున్నా దాటి కిందికి దిగినా ఒక్కోసారి ద్రవంగానే ఉండిపోతుంది. తర్వాత ఒక్కసారిగా సూదులు సూదులుగా కట్టి లోపలంతా మసకబారుతుంది. నీళ్లు సున్నాకు చేరాక పైన చిటికెడు ఐసు పొడి చల్లితే నెమ్మదిగా, పలకలా మొదలవుతుంది. ఫ్రీజర్ తలుపు తీసి చల్లాలి కాబట్టి వేళ చూసుకోవాలి.

కటకం ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ రాత అసంపూర్ణం. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి అడుగు స్టీలు గిన్నెను గోరువెచ్చగా చేసి, గడ్డను అందులో తిప్పుతూ కరిగించాం. ఒక వైపు గిన్నె వంపు, ఇంకో వైపు చదును. ఐసు వక్రీభవన గుణకం 1.31. అంటే నాభ్యంతరం, ఎండ ఒక్కచోట చేరే దూరం, 10ని 0.31తో (1.31లోంచి 1 తీసేస్తే వచ్చేది) భాగిస్తే సుమారు 32 సెంటీమీటర్లు. పిల్లలు స్కేలు పట్టుకుని ఆ దూరంలోనే నల్ల కాగితం ఉంచారు. చేతి తడి కాగితం మీద పడి మొదటిసారి కుదరలేదు. రెండోసారి పొగ లేచింది. ఆ కటకానికి వాడింది ఉత్త డిస్టిల్డ్ వాటర్, థర్మాకోల్ డబ్బా.

అయితే ఈ చాంబర్ దండగా? నా అనుభవంలో రెండు పనులకు దండగ కాదు. ఒకటి, ఐసులో ఏదైనా వస్తువును పొదగడం. గవ్వ, గరుకు రాయి, ఈక లాంటివి నీళ్లలో వేస్తే సందుల్లో గాలి పట్టుకుని ఉంటుంది, ఎంత కదిపినా పోదు. వాక్యూమ్‌లో ఆ గాలి ఉబ్బి, విడివడి, పైకి వచ్చేస్తుంది. గవ్వ లోపలి మలుపుల్లోంచి బుడగల వరస రావడం చూడాల్సిన దృశ్యం. ఆకులు, పువ్వులు మాత్రం పెట్టకండి. ఆకు కణజాలం మధ్య ఉన్న గాలి పోయి, వాల్వు తెరవగానే ఆ ఖాళీల్లోకి నీళ్లు దూరతాయి. ఆకు తడిసిన గుడ్డలా నల్లబడుతుంది. ఒక మంచి ఫెర్న్ రెమ్మ నాకు అలా పోయింది. వస్తువును, నీళ్లను ఒకే గిన్నెలో ఉంచి ఆ గిన్నెనే చాంబర్‌లో పెట్టి, వాల్వు చాలా నెమ్మదిగా తెరిచి, గిన్నెను కదలకుండా తీసి ఫ్రీజర్ డబ్బాలో దించాలి. ఒంపడం అనే మాటే వద్దు. పైన ఐసు పొర కట్టాక ఆ పొరే మూతగా పనిచేస్తుంది.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1858లో వర్ణించిన ప్రయోగం. స్వచ్ఛమైన ఐసు పలకలోకి ఎండను కేంద్రీకరించి పంపితే లోపల అక్కడక్కడా కరిగి, ఆరు రేకుల చిన్న చిన్న నీటి పువ్వులు విచ్చుకుంటాయి. ప్రతి పువ్వు నడుమ వెండి చుక్కలా ఒకటి మెరుస్తుంది. ఐసు కరిగితే పరిమాణం తగ్గుతుంది కదా, ఆ తగ్గిన చోట ఏర్పడిన ఖాళీ అది. అందులో గాలి లేదు, ఉన్నది నీటి ఆవిరి మాత్రమే. మామూలు ఐసులో ఏది గాలి బుడగో ఏది ఖాళీయో పిల్లలు ఎలా తెలుసుకుంటారు? ఇక్కడ వాక్యూమ్ పట్టిన నీళ్లే కావాలి.

గోరువెచ్చని నీళ్ల గిన్నెలో రెండు పలకలు ముంచాం. ఒకటి కుళాయి నీళ్లతో డబ్బాలో కట్టినది, రెండోది చాంబర్ నీళ్లది, లోపల పువ్వులున్నది. వాటి పైన నీళ్లు నింపిన గాజు గొట్టాలు బోర్లించాం. మొదటి పలక కరుగుతుంటే గొట్టంలోకి బుడగలు వరస కట్టి, చివరికి వేలి గోరంత ఎత్తున గాలి నిలిచింది. రెండో పలకలో కరుగుదల పువ్వు దాకా వచ్చినప్పుడు వెండి చుక్క ఒక్కసారిగా మూసుకుపోయింది, బుడగ రాలేదు. పక్కన ఉన్న ఇంకో పువ్వూ అంతే. గొట్టం అంచున ఆవగింజంత గాలి ఒక్కటే మిగిలింది. ఆ ఆవగింజను కూడా తీసేయాలంటే పంపు ఇంకెంతసేపు నడపాలని పిల్లలు అడిగారు. వచ్చే శనివారం 15 నిమిషాల బదులు 40 నిమిషాలు నడిపి, నూనె తెల్లబడకుండా మర తెరిచి ఉంచి, మళ్లీ కొలవబోతున్నాం.