పెళ్లి హాల్ సందడికి రోడ్ స్టీరియో వీడియోమైక్ ప్రో

పెళ్లి వీడియోలో జనం నవ్వులు, చప్పట్లు, మ్యూజిక్ అన్నీ చుట్టూ వినపడాలంటే షాట్‌గన్ మైక్ సరిపోదండి, అది ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువ పట్టుకుంటుంది, నాకైతే ఈ పనికి రోడ్ (Rode) కంపెనీ కెమెరా మైక్ స్టీరియో వీడియోమైక్ ప్రో బాగా నచ్చింది. సౌండ్ పట్టే రెండు క్యాప్సూల్స్ ఎక్స్‌వై పద్ధతిలో, అంటే పక్కపక్కనే ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ తిరిగి ఉంటాయి కాబట్టి ఎడమా కుడీ తేడా క్లియర్‌గా తెలుస్తుంది, ఫోన్‌లో మోనోగా, అంటే రెండు వైపులూ కలిసిపోయి ఒకే సౌండ్‌గా విన్నా సౌండ్ పాడవదు. డ్రమ్స్ మొదలయ్యేలోపే మైక్ మీది లెవెల్ స్విచ్ మైనస్ 10 డీబీకి మార్చి సౌండ్ తగ్గించేయండి, ఒకసారి సౌండ్ పగిలిందంటే ఎడిటింగ్‌లో ఎంత తన్నుకున్నా బాగవదు. ఏసీ హోరుకి, లోతైన సౌండ్‌ని తగ్గించే 75 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంది. కెమెరాలో ఆటో గెయిన్ (సౌండ్ లెవెల్‌ని తనంతట తనే పెంచి తగ్గించే సెట్టింగ్) తప్పకుండా ఆపండి, లేదంటే మాటలు ఆగిన ప్రతిసారీ హాల్ గోల పైకి లేస్తుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు మాటలకి మాత్రం కాలర్ మైక్ వేరే పెట్టాల్సిందే.