నిషాపూర్ నమూనా గిన్నె: పనితనం బాగుంది, చీటీలోని కథే తప్పు

విశాఖపట్నం సిరిపురం ప్రాంతంలోని ఒక హస్తకళల దుకాణంలో రూ. 1,600కు అమ్ముతున్న ఈ మట్టి గిన్నె, 10వ శతాబ్దంలో ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాలను పాలించిన సామానీ రాజుల ఏలుబడిలో నిషాపూర్, సమర్‌ఖండ్ నగరాల కుమ్మరులు చేసిన పాత్రలకు నకలు. తెల్లని పూత మీద అంచు చుట్టూ నల్లని కూఫీ అనే కోణాల అరబిక్ లిపిలో నడిచే ఒక్క వాక్యమే వాటి అలంకారం. ఆ నిరాడంబరతను పనివారు చక్కగా పట్టుకున్నారు. గ్లేజు (గాజులాంటి పైపూత) కింద నలుపు ఎక్కడా చెదరలేదు.

గిన్నెతో ఇచ్చే చీటీ మాత్రం నిరాశపరుస్తుంది. దీన్ని గడప కింద బోర్లించి పాతితే దుష్టశక్తులు అందులో చిక్కుకుంటాయని, ఇంటికి దిష్టి తగలదని రాశారు. ఆ ఆచారం వేరే చోటిది, అంతకుముందు కాలానిది. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో సుమారు 5 నుంచి 8వ శతాబ్దాల మధ్య, గ్లేజు లేని సాదా గిన్నెల లోపల అరమాయిక్ అనే ప్రాచీన పశ్చిమాసియా భాష మాండలికాల్లో రక్షామంత్రాలను సిరాతో సుడి తిరిగేలా రాసి, రక్షణ కోరినవారిని తరచుగా తల్లి పేరుతో కలిపి పేర్కొని, ఇళ్లలో బోర్లించి పాతేవారు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టుకునే మనకు ఆ ఉపాయం కొత్తగా తోచదు గనుక, అమ్మకానికి పనికొస్తుందని ఎవరో దాన్ని ఇక్కడికి తెచ్చి అతికించి ఉంటారు.

నిషాపూర్ రాతల తీరు వేరు. కొన్నింటిపై యజమానికి దైవానుగ్రహం కోరే మాటలుంటాయి, కొన్నింటిపై నీతివాక్యాలు. ఈ నకలుకు మూలమైన న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గిన్నెపై, పనికి ముందు చేసే ఆలోచన పశ్చాత్తాపం నుంచి కాపాడుతుందని, ఆపై శుభం, క్షేమం కలగాలని ఉంది. కాపాడటమనే మాట ఇందులోనూ ఉంది కాని, దయ్యాల ప్రసక్తి లేదు. మూలం వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు. నకలు అందులో సగం కూడా లేకపోవడంతో అక్షరాలు ఇరుకై, చివరి దీవెన పూర్తిగా ఎగిరిపోయింది. రక్ష పేరుతో అమ్మే వస్తువులో దీవెననే కత్తిరించడం విడ్డూరం.

అలంకరణకైతే కొనవచ్చు. గ్లేజులో సీసం ఉందా అని అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. పులుపు తగిలితే సీసం ఆహారంలోకి దిగుతుంది కాబట్టి పులుసులకు, పచ్చళ్లకు వాడకపోవడమే మంచిది. ముందుగా చెబితే పెద్ద గిన్నె చేయించి ఇస్తామన్నారు; ఆ ఆర్డరు ఇచ్చేవారు వాక్యం మొత్తం కనిపించే ఫొటో వెంట తీసుకువెళ్లాలి.