నీటిలో పని చేసే మోటారుకు నీరు తగిలిందట, అందుకని వారంటీ లేదట: ట్రోలింగ్ మోటారు కొనేవారు జాగ్రత్త

చిన్న చేపల పడవకు ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు (పడవను మెల్లగా నడిపే, బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు) కొనే ఆలోచనలో ఉన్నవారు, ముఖ్యంగా "సీలు జీవితకాలం, చార్జింగు రోజంతా" అంటూ వీడియోలతో ఊదరగొట్టే ఆ విక్రేత దగ్గర కొనబోతున్నవారు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పేరు రాయడం లేదు. రాయకపోయినా ఎవరో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. అతని దగ్గర నేను కొన్న మోటారులోకి నీరు చేరి లోపల తుప్పు పట్టింది. వారంటీ గడువు ఇంకా చాలా ఉంది. అయినా బాగుచేసి ఇవ్వడం కుదరదన్నారు. కారణం ఏమిటో తెలుసా? మోటారుకు నీరు తగిలిందట!

మోటారు సంగతి క్లుప్తంగా చెబుతాను. 12 వోల్టులది, 55 పౌండ్ల త్రస్టుది (అంటే పడవను నెట్టే బలం), పడవ వెనక పలకకు బిగించే రకం. బ్యాటరీ డీప్ సైకిల్‌ది (ఎక్కువసేపు కరెంటు ఇవ్వడానికి చేసిన రకం), వైర్లు తగినంత లావున్న రాగివి, బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకరు (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉంది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఫోను చేసిన వెంటనే వాళ్లు మొదట అనుమానించేది వీటినే. ఎదురుగాలిలో ఒడ్డుకు తిరిగి వస్తుండగా మోటారు శబ్దం మారింది, పడవ నెమ్మదించింది, హ్యాండిలు తిప్పినకొద్దీ వేగం పెరగవలసింది పోయి బ్రేకరు పడిపోయింది. నాచు చుట్టుకుందేమోనని పైకెత్తి చూస్తే ఫ్యాను శుభ్రంగానే ఉంది. చేత్తో తిప్పితే మాత్రం గరగరమంటూ బరువుగా తిరిగింది. మోటారు గొట్టానికీ దాని ముందు మూతకూ మధ్య ఉన్న అతుకులోంచి నల్లటి నీరు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరాను. ఆ కష్టం తరువాత జరిగినదాని ముందు లెక్కలోది కాదు.

తెలియనివారి కోసం ఒక మాట. ఈ మోటార్లలో నీటిలో మునిగి ఉండే గొట్టం లోపలే ఆర్మేచరు (తిరిగే తీగచుట్ట), అయస్కాంతాలు, దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు (బొగ్గు ముక్కలు) ఉంటాయి. గొట్టానికి ముందొక మూత, వెనకొక మూత ఉండగా, రెండింటినీ పొడవాటి బోల్టులు కలిపి పట్టి ఉంచుతాయి. మూతలు గొట్టంతో కలిసే చోట ఓ-రింగులు (గాడిలో కూర్చునే రబ్బరు వలయాలు), ఫ్యాను షాఫ్టు బయటకు వచ్చే చోట రబ్బరు సీలు ఉంటాయి. నీటికీ కరెంటుకూ మధ్య అడ్డుగా ఉన్నదల్లా ఈ కాస్త రబ్బరే. గాలం దారం ఫ్యానుకూ మోటారుకూ మధ్య సందులో దూరి షాఫ్టుకు చుట్టుకుని ఆ సీలును కోసేయడం ఈ మోటార్లలో తరచుగా జరిగేదే. అందుకే అప్పుడప్పుడు ఫ్యాను ఊడదీసి అక్కడ దారం ఉందేమో చూసుకోవాలి, నేను చూసుకుంటూనే వచ్చాను.

ఇక సర్వీసు కేంద్రంలో జరిగింది వినండి. మోటారును నా ఎదుటే విప్పాలని పట్టుబట్టడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. మెకానిక్ కుర్రవాడు బల్ల మీద పాత దినపత్రిక పరిచి ముందుగా ఫ్యాను తీశాడు. షాఫ్టు మీద దారపు పోగు ఒక్కటైనా లేదు, సీలు అంచు ఎక్కడా చిరగలేదు. బోల్టులు విప్పి ముందు మూతను మెల్లగా లాగగానే బ్రష్షుల బొగ్గుపొడి కలిసిన నీరు పత్రిక మీద నల్లగా పరుచుకుంది. ఆ మూత అంచున ఉన్న ఓ-రింగు ఒకచోట గాడి తప్పి, రెండు లోహపు అంచుల మధ్య ఇరుక్కుని, గోరంత మేర పల్చగా నలిగి తెగి ఉంది. సరిగ్గా దాని ఎదురుగా గొట్టం లోపలి గోడ మీద తుప్పు చార మొదలైంది. కుర్రవాడు ఆ రింగును వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది బిగించేటప్పుడే నలిగినట్టుంది సార్" అన్నాడు. పాపం, అక్కడ నిజం చెప్పకూడదని అతనికి ఇంకా ఎవరూ నేర్పినట్టు లేరు.

అంతలో మేనేజరు వచ్చాడు. కుర్రవాడి చేతిలోంచి ఓ-రింగును తీసుకుని, దాని వైపు చూడనైనా చూడకుండా బల్ల కింద ఉన్న చెత్తబుట్టలో పడేసి, "నువ్వు లోపలికెళ్లి ఆ రెండో పని చూడు" అని అతన్ని పంపేశాడు. తరువాత నా వైపు తిరిగి, వారంటీ కార్డులో ఒక వాక్యం మీద వేలు పెట్టి, "నీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు సార్. చదువుకున్నవారు, మీకు మేం చెప్పాలా?" అన్నాడు.

"ఇది నీటిలో మునిగి పని చేసే మోటారు కదండీ" అన్నాను.

"మునగొచ్చు సార్, లోపలికి నీరు పోకూడదు."

"పోకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది?"

"మీ గాలం దారం సీలును కోసేసింది, దానికి మేమేం చేస్తాం?" అన్నాడు. ఏ చిరుగూ లేని ఆ సీలు అతని మోచేతి పక్కనే ఉంది!

మోటారు పాడైనందుకు నాకు ఇంత కోపం లేదు. యంత్రమన్నాక పాడవుతుంది, బిగించేవాడి చేతిలో ఒక ఓ-రింగు గాడి తప్పడం ఎక్కడైనా జరగవచ్చు. కొత్త రింగు వేసి, కాస్త గ్రీజు పూసి, అవసరమైతే బ్రష్షులు మార్చి ఇచ్చి ఉంటే నేను ఈపాటికి వారిని మెచ్చుకుంటూ రాస్తూ ఉండేవాణ్ణి. కానీ కళ్లెదుట ఉన్న సాక్ష్యాన్ని చెత్తలో వేసి, ఉన్నమాట అన్న పిల్లవాణ్ణి అక్కడి నుంచి తరిమేసి, ఆ నేరాన్ని నా గాలం దారానికి అంటగట్టిన తీరును మాత్రం తలచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతోంది. దారం చుట్టుకునేది వెనక, ఫ్యాను దగ్గర. రింగు తెగింది ముందు మూత దగ్గర. ఆ రెండింటికీ మధ్య మోటారు మొత్తం అడ్డంగా ఉంది. అంత దూరం పాకి వెళ్లి, బిగించి ఉన్న మూత కింద దూరి, రింగును మాత్రమే కొరికి, ఆనవాలు మిగల్చకుండా తిరిగి వచ్చే నేర్పు నా దారానికే ఉంటే, నేను ఇన్నాళ్లుగా ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చేవాణ్ణి కాదు. ఇక ఆ వారంటీ వాక్యం సంగతి సరేసరి. వానకు తడిస్తే పూచీ లేదని గొడుగులమ్మేవాడు రాసిచ్చినట్టుంది.

నిజానికి అమ్మేటప్పుడు ఆ విక్రేత చెప్పిన మాటల్లోనే మనిషి ఎలాంటివాడో తెలిసిపోయింది, వినిపించుకోనిది నేనే. "అయిదు హార్స్ పవర్ ఇంజనుతో సమానం సార్" అన్నాడు. ఈ తరగతి మోటారు పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 12 వోల్టులతో గుణిస్తే 600 వాట్లు. ఒక హార్స్ పవరే 746 వాట్లు! అంటే బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటంతా వృథా కాకుండా నీటిని నెట్టినా ఒక్క గుర్రానికి కూడా సరిపోదు, ఈ పెద్దమనిషి మాత్రం అయిదు గుర్రాలను కట్టేశాడు. "రోజంతా నడుస్తుంది" అన్నదీ అలాంటిదే. సీసపు బ్యాటరీ మీద రాసే 100 ఆంపియర్-అవర్లు సాధారణంగా 20 గంటల లెక్కన, అంటే 5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా వాడుకున్నప్పుడు వచ్చేవి. ఒక్కసారిగా 50 ఆంపియర్లు లాగితే అందులో చాలా భాగం చేతికి రాదు. బ్యాటరీ మన్నాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు కూడా, కాబట్టి పూర్తి వేగంలో గంట దాటితే గొప్పే. అతి తక్కువ వేగంలో వలల పక్కన మెల్లగా తిరిగితే చాలాసేపు వస్తుంది, కాదనను, కానీ అతని వీడియోలో పడవ నురుగు చిమ్ముకుంటూ పరుగెత్తుతోంది. కూడికలూ గుణకారాలూ వచ్చిన నేను, ఆ నురుగు చూస్తూ డబ్బు కట్టేశాను. బాగా బుద్ధి వచ్చింది.

కొనేవారు ఇవి మాత్రం చేయండి. వారంటీ కార్డును కొన్న తరువాత కాక కొనే ముందే అడిగి చదవండి, అతుకులలోంచి నీరు లోపలికి వస్తే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తీసుకోండి. పెట్టె విప్పడం మొదలు అంతా వీడియో తీయండి. పడవకు బిగించే ముందే మోటారును నీళ్ల డ్రమ్ములో ముంచి తక్కువ వేగంలో కాసేపు నడిపి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో డీసీ (బ్యాటరీ) కరెంటును కొలిచే క్లాంప్ మీటరుతో చూసి రాసిపెట్టుకోండి. తరువాత ఎప్పుడైనా అదే వేగంలో అంకె పెరిగితే లోపల ఏదో తేడా వచ్చినట్టే. మీరు ఎదుట లేకుండా మోటారును విప్పనివ్వకండి, విప్పిన ప్రతి ముక్కకూ అప్పటికప్పుడే ఫోటో తీయండి. చెత్తబుట్ట పాలయ్యే ముందు నేను ఆ రింగు ఫోటో తీసుకున్నాను కాబట్టే ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను.

మోటారు ఇంకా ముక్కలుగా వారి బల్ల మీదే ఉంది. విప్పి చూసినందుకు తనిఖీ రుసుము కడితేనే తిరిగి బిగించి ఇస్తామని నిన్న మెసేజు పంపారు. కట్టనని, బిగించకుండానే అన్ని భాగాలూ లెక్కపెట్టి అప్పగించాలని, ఓ-రింగు ఫోటో జతచేసి జవాబిచ్చాను. చదివినట్టు నీలి గుర్తులు పడ్డాయి, సమాధానం మాత్రం ఇంకా రాలేదు.